పిల్లల కిడ్నీలో రాళ్ళు: పెద్ద కోత లేకుండా తీసే చికిత్సలు

(పిల్లల వార్డులో ఉన్న రోగుల బంధువులకు, ఓ.పి.కి వచ్చిన తల్లిదండ్రులకు మూత్రవ్యాధుల విభాగం డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలులో కూర్చున్న చాలామంది చేతిలో స్కానింగు కవరు ఉంది. ఆ కవరులోని కాగితం మీద "రాయి" అన్న మాట చదివిన రోజు నుండి మీకు సరిగ్గా నిద్ర ఉండదని నాకు తెలుసు. మా గదిలోకి వచ్చిన ప్రతి తల్లీ మొదట అడిగేది ఒకటే: "వీడికి నిండా ఐదేళ్ళు లేవు, వీడికి రాళ్ళేమిటి డాక్టరుగారూ?" తరువాత అడిగేది, "కొయ్యాలా?" అని. ఈ రెండు ప్రశ్నలకూ ఈ రోజు జవాబు చెబుతాను. మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ అడగరు. రాయి తీసేసిన తరువాత మేము ఏమి చేయాలి అన్నది. నన్నడిగితే ఈ మూడింటిలో అదే పెద్ద ప్రశ్న. దాని గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఓపికగా వినండి.

పిల్లలకు రాళ్ళు రావటం కొత్త సంగతి కాదు. సుశ్రుత సంహితలోనే "అశ్మరి" అనే పేరుతో ఈ జబ్బు ఉంది. ఇది ఎక్కువగా పిల్లలకు వస్తుందని కూడా అందులో చెప్పారు. అయితే పూర్వకాలంలో పిల్లలకు వచ్చిన రాళ్ళు ఎక్కువగా మూత్రాశయంలో, అనగా మూత్రపు సంచిలో ఏర్పడేవి. పాలు, పప్పు, గుడ్డు సరిగ్గా అందక కేవలం గంజి, అన్నం, రొట్టెల మీదనే పెరిగిన పేదపిల్లలలో అవి ఎక్కువగా కనిపించేవి. 1930 ప్రాంతంలో నీలగిరి కొండలలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఎలుకలకు రకరకాల ఆహారం పెట్టి, ఏ తిండి వల్ల రాళ్ళు వస్తాయో పరిశీలించాడు. తిండి మెరుగుపడిన కొద్దీ మూత్రాశయంలోని రాళ్ళు తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు మనం ఎక్కువగా చూసేవి కిడ్నీలోనూ, కిడ్నీ నుండి మూత్రాశయానికి వచ్చే గొట్టంలోనూ ఉండే రాళ్ళు. ఆ గొట్టాన్ని మూత్రనాళం అంటాము.

రాయి ఎలా ఏర్పడుతుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున కొన్నాళ్ళకు తెల్లగా గట్టి పొర పడుతుంది కదా! నీటిలో కరిగి ఉన్న లవణాలు నీరు తగ్గిపోయినప్పుడు గట్టిపడతాయి. మూత్రంలోనూ కాల్షియం, ఆక్సలేటు, ఫాస్ఫేటు వంటి పదార్థాలు కరిగి ఉంటాయి. మూత్రం చిక్కబడితే అవి చిన్న చిన్న పలుకులుగా మారి, ఒకదానికొకటి అతుక్కొని రాయి అవుతాయి. వాటిని అతుక్కోకుండా ఆపే పదార్థాలు కూడా మూత్రంలోనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది సిట్రేటు. కొందరు పిల్లలలో ఇది తక్కువగా ఉంటుంది.

మరి మన పిల్లల మూత్రం ఎందుకు చిక్కబడుతుంది? మన ఎండలు ఒక కారణం. బడి మరొక కారణం. ఇది చాలామంది ఇళ్ళలో గమనించరు. ఉదయం నింపి ఇచ్చిన నీళ్ళ సీసా సాయంత్రం సగానికి సగం అలాగే తిరిగి వస్తుంది. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేదనో, తలుపుకు గడియ లేదనో ఆడపిల్లలు ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం నాలుగున్నర దాకా ఆపుకుంటారు. వెళ్ళవలసి వస్తుందని నీళ్ళే తాగరు. అమ్మలారా, మీ పాపను ఈ విషయం మెల్లిగా అడిగి చూడండి.

నీళ్ళు తక్కువ కావటం ఒక్కటే కారణం కాదు. కిడ్నీ నుండి మూత్రనాళం మొదలయ్యే చోట పుట్టుకతోనే ఇరుకు ఉంటే మూత్రం నిలిచి రాయి కట్టవచ్చు. మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే పిల్లలలో మరొక రకం రాయి వస్తుంది. అది త్వరత్వరగా పెరిగి కిడ్నీ లోపలి గదులన్నిటినీ నింపేస్తుంది. కొందరికి మూర్ఛకు వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు. అలాగని ఆ మందులను మీ అంతట మీరు ఆపకండి, మాకు చెప్పండి చాలు. ఇక పుట్టుకతో వచ్చే జబ్బులు: సిస్టినూరియా, ప్రైమరీ హైపర్ ఆక్సలూరియా వంటివి. తల్లి వైపు నుండి ఒకటి, తండ్రి వైపు నుండి ఒకటి లోపమున్న జన్యువు బిడ్డకు చేరినప్పుడు సాధారణంగా ఇవి వస్తాయి. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కనుక, "మీది దగ్గర సంబంధమా?" అని మేము అడుగుతాము. దయచేసి నిజం చెప్పండి. మిమ్మల్ని తప్పు పట్టటానికి అడిగే ప్రశ్న కాదది. ఏ పరీక్ష చేయించాలో దానిని బట్టి తేలుతుంది.

పెద్దవారికి కిడ్నీ రాయి నొప్పి నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతుంది. చిన్నపిల్లలు అలా చెప్పలేరు. బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి "కడుపు నొప్పి" అంటారు. నులిపురుగులనుకొని మందు వేస్తారు, దిష్టి తీస్తారు, రోజులు గడిచిపోతాయి. కొందరిలో మూత్రం టీ డికాక్షను రంగులో వస్తుంది. కొందరిలో మూత్రం పోసేటప్పుడు ఏడుపు, కారణం తెలియని జ్వరం, వాంతులు ఉంటాయి. అసలు ఏ నొప్పీ లేకుండా వేరే పని మీద స్కాన్ తీసినప్పుడు బయటపడే రాళ్ళూ ఉన్నాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. రాయి ఉందని తెలిసిన బిడ్డకు చలితో జ్వరం వచ్చినా, మూత్రం రావటం బాగా తగ్గినా, ఆగిపోయినా, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి. రాయి అడ్డుపడి, దాని వెనుక చీము పట్టిందంటే కిడ్నీకే కాదు, ప్రాణానికీ ప్రమాదం. అటువంటప్పుడు మేము వెంటనే రాయి జోలికి వెళ్ళము. ముందు ఒక సన్నని గొట్టం వేసి నిలిచిన మూత్రాన్ని బయటకు తీస్తాము. జ్వరం తగ్గి, బిడ్డ తేరుకున్న తరువాతే రాయి సంగతి. "గొట్టం వేసి పంపారు, రాయి తియ్యలేదు" అని కొందరు బాధపడతారు. ఆ గొట్టమే ఆ రోజు ప్రాణం కాపాడింది.

పిల్లలకు మొదట చేసేది అల్ట్రాసౌండు స్కాను. దీనిలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. సి.టి. స్కానులో రాయి మరింత స్పష్టంగా కనబడుతుంది. కానీ దానిలో రేడియేషను ఉంటుంది కనుక పిల్లలకు అవసరమైనప్పుడే, తక్కువ మోతాదులో తీస్తాము. "ఇంకొకసారి సి.టి. తీసి చూడండి సార్" అని మీరు పట్టుబట్టవద్దు.

ప్రతి రాయికీ ఆపరేషను అక్కరలేదు. 4, 5 మిల్లీమీటర్ల లోపు రాయి మూత్రనాళంలోకి దిగితే చాలామంది పిల్లలలో తనంతట తానే బయటకు వస్తుంది. పిల్లల మూత్రనాళం సన్నగా ఉన్నా బాగా సాగుతుంది. నొప్పికి మందు ఇచ్చి, నీళ్ళు తాగించి, కొన్ని వారాలు చూస్తాము. ఇక్కడే కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం, ఉలవచారు మాట వస్తుంది. ఇవి వాడితే రాయి కరిగిపోయిందని పక్కింటివారు చెప్పి ఉంటారు. ఆ పడిపోయిన రాయి చాలావరకు దానంతట అది పడిపోయేదే. 12 మిల్లీమీటర్ల కాల్షియం రాయి ఏ కషాయానికీ కరగదు. ఉలవచారు భోజనంలో తింటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ దాన్ని నమ్ముకొని ఆరు నెలలు స్కాను మానివేయటం వద్దు. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయిందనుకోవద్దు. పూర్తిగా అడ్డుపడిన రాయి కూడా కొన్నాళ్ళకు నొప్పి ఇవ్వటం మానివేస్తుంది. అటువైపు కిడ్నీ లోపల ఉబ్బి, మెల్లమెల్లగా పనిచేయటం తగ్గిపోతుంది. బిడ్డ మాత్రం హాయిగా ఆడుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, కొయ్యాలా అన్నది. ఒకప్పుడు నడుము పక్కన జానెడు కోత కోసి, కండరాలు చీల్చి, కిడ్నీని తెరిచి రాయి తీసేవారు. ఆ ఆపరేషను ఈనాటికీ పూర్తిగా పోలేదు. కానీ చాలా కొద్దిమందికి మాత్రమే అవసరమవుతుంది. మిగిలినవారికి మూడు దారులున్నాయి.

మొదటిది శరీరం మీద ఏ గాటూ లేకుండా బయటనుండి షాక్‌వేవ్‌లు పంపి రాయిని పొడి చేయటం. దీనిని లిథోట్రిప్సీ అంటారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మొదటిసారి మనిషికి ఈ చికిత్స చేశారు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, రాయి ఉన్న చోటికి గురి కుదిర్చి, ఒకదాని తరువాత ఒకటిగా దెబ్బలు పంపుతారు. పెద్దవారు మెలకువగా ఉండి చేయించుకుంటారు, చిన్నపిల్లలు కదలకుండా ఉండలేరు కనుక మత్తు ఇవ్వవలసి ఉంటుంది. బాగా చిన్నపిల్లలకు ఊపిరితిత్తుల మీద దెబ్బ పడకుండా థర్మోకోల్ వంటి పలక అడ్డు పెడతారు. పొడి అయిన ముక్కలు కొన్ని రోజులపాటు మూత్రంలో వస్తాయి. పెద్దవారికన్నా పిల్లలకు ఈ ముక్కలు తేలికగా బయటపడతాయి. రాయి మరీ పెద్దది కానప్పుడు, మరీ గట్టిది కానప్పుడు ఇది మంచి పద్ధతి. సిస్టిన్ రాళ్ళు షాక్‌వేవ్‌లకు సరిగ్గా పగలవు. ఒకసారితో సరిపోక రెండు, మూడుసార్లు రావలసి ఉండవచ్చు. ముక్కలు మూత్రనాళంలో వరుసకట్టి అడ్డుపడటమూ ఉంది. దూరపు ఊరినుండి వచ్చేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

రెండవది మూత్రం వచ్చే దారిలోనే సన్నని దుర్బిణి పంపి రాయిని చేరటం. దీనిలోనూ బయట గాటు ఉండదు. పిల్లలకు వాడే దుర్బిణి కొన ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. రాయి కనబడిన తరువాత లేజరు తీగ పంపి దానిని పొడి చేస్తారు, లేదా ముక్కలు చేసి చిన్న తీగబుట్టతో పట్టి తీస్తారు. మూత్రనాళంలో ఉన్న రాళ్ళకు ఇది బాగా పనికివస్తుంది. వంగే దుర్బిణితో కిడ్నీ లోపలి గదులలోకి కూడా వెళ్ళవచ్చు. దానిని ఆర్.ఐ.ఆర్.ఎస్. అంటారు. అయితే కొందరు చిన్నపిల్లలలో దుర్బిణి పట్టనంత సన్నగా దారి ఉంటుంది. అప్పుడు బలవంతం చేయకూడదు, చేస్తే మూత్రనాళం చిట్లుతుంది. ఒక స్టెంటు వేసి, కొన్ని వారాలు ఆగి, దారి కాస్త వెడల్పయిన తరువాత మళ్ళీ ప్రయత్నిస్తాము. మత్తులోకి తీసుకువెళ్ళి రాయి తీయకుండా తెచ్చారని అనుకోకండి. ఆగటం తెలిసిన డాక్టరు చేతిలో మీ బిడ్డ ఉన్నాడని అనుకోండి.

మూడవది వీపు వైపు చిన్న రంధ్రం ద్వారా కిడ్నీలోకి వెళ్ళటం. పి.సి.ఎన్.ఎల్. అన్న పేరు మీరు విని ఉంటారు. పెద్ద రాళ్ళకు, కిడ్నీ గదులన్నీ నింపిన కొమ్ముల రాళ్ళకు ఇదే ముఖ్యమైన చికిత్స. దీన్నిగురించే మీకు భయం ఎక్కువ కనుక లోపల ఏమి జరుగుతుందో వివరంగా చెబుతాను.

బిడ్డకు పూర్తి మత్తు ఇస్తారు. ముందు మూత్రం దారిలో నుండి ఒక సన్నని గొట్టం కిడ్నీ దాకా పంపుతారు. తరువాత బిడ్డను బోర్లా పడుకోబెడతారు, కొన్నిచోట్ల వెల్లకిలా ఉంచి కూడా చేస్తారు. అల్ట్రాసౌండు చూస్తూనో, ఎక్స్‌రే తెర మీద చూస్తూనో వీపు పక్కనుండి ఒక సూదిని రాయి ఉన్న గదిలోకి గుచ్చుతారు. ఆపరేషను మొత్తంలో నైపుణ్యం కావలసింది ఇక్కడే. సూది సరైన చోట పడిందంటే సగం పని అయినట్లే. ఆ సూదిలోనుండి సన్నని తీగ, ఆ తీగ మీదుగా చిన్న గొట్టం, ఆ గొట్టంలో దుర్బిణి. రాయిని లేజరుతోనో, గాలి ఒత్తిడితో కొట్టే సన్నని కడ్డీతోనో పగులగొట్టి ముక్కలను బయటకు తెస్తారు.

పెద్దవారికి చాలాకాలంగా చేస్తున్న పద్ధతిలో ఆ రంధ్రం 8 నుండి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. ఐదేళ్ళ పిల్లవాడి కిడ్నీ పొడవు సుమారు 8 సెంటీమీటర్లే. 15 కిలోల బరువున్న బిడ్డ ఒంట్లోని మొత్తం రక్తం ఒక లీటరుకు కాస్త ఎక్కువ, అంతే. పెద్దవారు లెక్కచేయని రక్తస్రావం ఆ బిడ్డకు చాలా ఎక్కువ అవుతుంది. అందుకే 1990ల చివరి భాగం నుండి పిల్లల కోసం చిన్న పరికరాలు వచ్చాయి. మినీ పి.సి.ఎన్.ఎల్.లో రంధ్రం సుమారు 5, 6 మిల్లీమీటర్లు. గుజరాత్‌లోని నడియాద్‌లో ఉన్న మూల్జీభాయ్ పటేల్ యూరలాజికల్ హాస్పిటల్ వైద్యులు, జర్మనీ వైద్యులు కలిసి 2011లో ఇంకా సన్నని మైక్రో పద్ధతిని ప్రకటించారు. దానిలో సూది మందం 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్నని దారిలోనుండి ముక్కలు బయటకు రావు, పొడి చేసి వదలాలి. అందుకని అది చిన్న రాళ్ళకే. "మా బిడ్డకు అన్నిటికన్నా సన్నదే వాడండి" అని అడిగేవారికి నేను చెప్పేది ఇదే. రాయిని బట్టి రంధ్రం ఉంటుంది. పెద్ద రాయిని మరీ సన్నని దారిలోనుండి తీయాలంటే గంటల తరబడి మత్తులో ఉంచాలి, అది బిడ్డకు మంచిది కాదు.

ఆపరేషనులో కిడ్నీని కడగటానికి సెలైను వాడతారు. చల్లని సెలైను పోస్తే చిన్నపిల్లల ఒళ్ళు చల్లబడిపోతుంది. కనుక దానిని గోరువెచ్చగా చేసి వాడతారు, బిడ్డను వెచ్చగా కప్పి ఉంచుతారు. ఇటువంటి చిన్న సంగతుల వల్లనే పిల్లల ఆపరేషనులో అలవాటున్న బృందం కావాలి.

ప్రమాదాలు లేవని చెప్పను. రక్తం పోవచ్చు, కొద్దిమందికి రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఆపరేషను తరువాత జ్వరం రావచ్చు. పక్కనున్న అవయవాలకు, ఊపిరితిత్తి పొరకు గాయం కావటం చాలా అరుదు. కొంత రాయి మిగిలిపోయి మరొకసారి చేయవలసి రావచ్చు. కాగితం మీద సంతకం పెట్టేముందు ఇవన్నీ అడిగి తెలుసుకోండి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని మొహమాటపడవద్దు.

"కిడ్నీకి చిల్లు పెడితే అది పాడైపోదా?" అని ఒక తాతగారు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. ఆ చిల్లు మానిపోతుంది. తరువాత చేసిన ప్రత్యేక స్కానులలో దారి పడినచోట చిన్న మచ్చ కనబడినా, కిడ్నీ పనిలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. రాయి అలాగే ఉండిపోతే జరిగే నష్టంతో పోలిస్తే ఇది లెక్కలోనిది కాదు. "పాప వీపు మీద మచ్చ ఉంటే రేపు పెళ్ళికి అడ్డం కాదా?" అని నానమ్మలు అడుగుతారు. అది మశూచి టీకా మచ్చకన్నా పెద్దది కాదు. మత్తు వల్ల తెలివి తగ్గుతుందనే భయం కూడా ఉంది. పసిపిల్లలకు ఒకసారి, గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల ఐదేళ్ళ వయసులో తెలివిలో తేడా కనబడలేదని పెద్ద పరిశోధనలో తేలింది. అంతకన్నా ఎక్కువసేపు పట్టే ఆపరేషను గురించి మత్తు డాక్టరుతో విడిగా మాట్లాడండి.

కిడ్నీ మొదట్లో ఇరుకు ఉండి దానివల్ల రాయి వచ్చినవారికి రాయి ఒక్కటే తీస్తే ప్రయోజనం లేదు. ఇరుకునూ సరిచేయాలి. దీనిని కూడా చాలామందికి పొట్ట మీద మూడు, నాలుగు చిన్న రంధ్రాలతో లాప్రోస్కోపీ ద్వారా చేయవచ్చు.

ఆపరేషనుకు ముందు మూత్రం కల్చరు పరీక్ష తప్పనిసరి. దాని ఫలితం రావటానికి రెండు, మూడు రోజులు పడుతుంది. ఇన్‌ఫెక్షను ఉంటే మందులిచ్చి తగ్గించిన తరువాతే రాయిని ముట్టుకోవాలి. ఈ ఆలస్యానికి విసుక్కోవద్దు. ఇక ఉపవాసం. అన్నం, టిఫిను, గేదె పాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు ఎప్పటిదాకా ఇవ్వవచ్చో మత్తు డాక్టరు చెబుతారు. బిడ్డ ఏడుస్తుంటే చూడలేక ఎవరో ఒకరు చాటుగా బిస్కెట్టు పెడతారు. మత్తులో ఆ బిస్కెట్టు వాంతిగా వచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. పెట్టి ఉంటే దాచకుండా సిస్టరుకు చెప్పండి, ఎవరూ తిట్టరు. ఆపరేషను కొన్ని గంటలకో, మరునాటికో వాయిదా పడుతుంది, అంతే. ఖర్చు విషయంలో, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకం మీ బిడ్డ చికిత్సకు వర్తిస్తుందేమో చేరే ముందే కౌంటరులో కార్డు చూపించి కనుక్కోండి.

ఆపరేషను తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం గులాబీ రంగులో రావచ్చు. దానికి కంగారుపడవద్దు. చిక్కని ఎరుపుగా, గడ్డలు గడ్డలుగా వస్తే వెంటనే చెప్పాలి. వీపు పక్కన గొట్టం పెడితే రెండు మూడు రోజులలో తీసేస్తారు. చాలామంది పిల్లలు ఐదారు రోజుల్లోపే ఇంటికి వెళతారు. కోత పెద్దది కాదు, కుట్లు లేవు, బిడ్డ మూడో రోజునే వరండాలో పరుగులు పెడుతున్నాడు. సరిగ్గా ఇక్కడే చిక్కు వస్తుంది. ఆపరేషనుకు ముందు అక్కరలేని భయం ఉన్నట్లే, తరువాత అక్కరలేని ధైర్యం వచ్చేస్తుంది. "చిన్న ఆపరేషనే కదా, అయిపోయింది" అనుకుంటారు.

అయిపోలేదు. చాలామంది పిల్లల లోపల డి.జె. స్టెంటు ఉంటుంది. ఇది మెత్తని సన్నని ప్లాస్టిక్ గొట్టం. ఒక కొన కిడ్నీలో, రెండో కొన మూత్రాశయంలో పందిపిల్ల తోకలా చుట్టుకొని ఉంటుంది. వాపు తగ్గేదాకా మూత్రానికి దారి ఇవ్వటం దాని పని. అది ఉన్నన్నాళ్ళు బిడ్డ మాటిమాటికీ మూత్రానికి వెళ్ళటం, పోసేటప్పుడు నడుము దగ్గర నొప్పి అనటం, పక్క తడపటం ఉండవచ్చు. బిడ్డను కొట్టకండి. కొన్ని వారాలలో దాన్ని తీసేయాలి. బయటనుండి కనబడదు, దానంతట అది పడిపోదు, ఒంట్లో కరగదు. తీయటానికి కోత అక్కరలేదు, కొద్ది నిమిషాల మత్తులో మూత్రం దారినుండి దుర్బిణితో లాగేస్తారు.

మూడు నెలలు దాటితే స్టెంటు మీద కూడా రాయి కడుతుంది. ఏడేళ్ళ బాబు ఒకడు మా దగ్గరకు వచ్చాడు. మరొకచోట రాయి తీసి స్టెంటు వేశారు. తల్లిదండ్రులు భవనాల పనికి వేరే రాష్ట్రం వెళ్ళిపోయారు. కాగితం ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. రెండేళ్ళ తరువాత జ్వరంతో తీసుకువచ్చారు. ఎక్స్‌రేలో చూస్తే స్టెంటు రెండు కొనలకూ నిమ్మకాయంత రాళ్ళు! దాన్ని తీయటానికి మూడుసార్లు మత్తు ఇవ్వవలసి వచ్చింది. మొదటి రాయికి ఒక్కసారే సరిపోయింది. ఆ తల్లి "లోపల గొట్టం ఉందని మాకు అర్థం కాలేదయ్యా" అంది. ఆమె అబద్ధం చెప్పిందని నేను అనుకోను. ఇంటికి పంపేరోజు హడావుడిలో చెప్పిన మాట చెవిలో పడదు. అందుకే ఇప్పుడు, తీరికగా ఉన్నప్పుడు చెబుతున్నాను.

రెండవ పని, తీసిన రాయిని పరీక్షకు పంపటం. ఇంట్లో మూత్రంలో పడిన రాయినైనా పారవేయకుండా చిన్న డబ్బాలో వేసి తీసుకురండి. అది ఏ రకం రాయో తెలిస్తే సగం కారణం తెలిసినట్లే. కొన్ని వారాల తరువాత ఒక రోజంతా మూత్రం పట్టి పరీక్ష చేస్తాము. ఉదయం లేవగానే పోసిన మొదటి మూత్రం పారబోసి, ఆ తరువాత పోసినదంతా, మరునాటి ఉదయం మొదటిదానితో సహా, మేమిచ్చిన క్యానులో పట్టాలి. ఆ రోజు బిడ్డ మామూలుగా తినేదే తినాలి. పరీక్ష కదా అని ఆ ఒక్కరోజు బిందెడు నీళ్ళు తాగిస్తే అసలు సంగతి మాకు తెలియదు. మరీ చిన్నబిడ్డలకు ఒక్కసారి పోసిన మూత్రంతోనే లెక్క కడతాము. ఇంత శ్రమ ఎందుకంటే, శరీరంలో కారణం అలాగే ఉన్న పిల్లలకు రాయి మళ్ళీ వస్తుంది. వారి ముందు ఇంకా అరవై, డెబ్బై ఏళ్ళ జీవితం ఉంది. ప్రైమరీ హైపర్ ఆక్సలూరియా ఉన్నవారికి కారణం కనుక్కోకుండా రాళ్ళు తీస్తూ పోతే చివరకు కిడ్నీలే పాడవుతాయి. వారిలో కొందరికి విటమిన్ బి6 మాత్రతోనే మేలు జరుగుతుంది. ఇటువంటి జబ్బు బయటపడితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా పరీక్ష చేయించాలి.

తిండి విషయంలో ఒక తప్పు మాటిమాటికీ చూస్తున్నాను. కాల్షియం రాయి అనగానే ఇంట్లో బిడ్డకు పాలు, పెరుగు ఆపేస్తారు. ఆపవద్దు. పెరిగే ఎముకలకు కాల్షియం కావాలి. పైగా తిండిలో కాల్షియం తగ్గితే పేగులు ఆక్సలేటును ఎక్కువగా పీల్చుకుంటాయి, రాళ్ళు ఇంకా పెరుగుతాయి. తగ్గించవలసింది ఉప్పు. ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలోకి ఎక్కువగా పోతుంది. ఆవకాయ, అప్పడాలు, చిప్సు పొట్లాలు, నూడుల్స్‌లో వేసే మసాలా, వీటి మీద చెయ్యి బిగించండి. టమాటా గింజలే కిడ్నీలో రాళ్ళవుతాయన్నది వట్టి మాట. ఆక్సలేటు రాయి ఉన్నవారు పాలకూర తగ్గిస్తే మంచిది. మందుల షాపులో బలానికని విటమిన్ డి, విటమిన్ సి మందులు మమ్మల్ని అడగకుండా కొని పోయవద్దు.

నీళ్ళ లెక్క ఇది. రోజు మొత్తంలో నీళ్ళు, పాలు, మజ్జిగ అన్నీ కలిపి ఏడాది లోపు బిడ్డకు సుమారు 750 మిల్లీలీటర్లు, ఐదేళ్ళ లోపువారికి 1 లీటరు, ఐదు నుండి పదేళ్ళవారికి ఒకటిన్నర లీటరు, ఆపై వయసువారికి 2 లీటర్లు తగ్గకుండా పోవాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నిమ్మకాయ నీళ్ళు మంచివి, వాటిలో సిట్రేటు ఉంటుంది. ఉప్పు వేయవద్దు, పంచదార కొంచెమే వేయండి. మూత్రం లేత రంగులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్లు. కిడ్నీల పని ఇప్పటికే తగ్గిన పిల్లలకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వారికి విడిగా చెబుతాము. బడిలో టీచరును కలిసి, బిడ్డ అడిగినప్పుడల్లా నీళ్ళకు, మూత్రానికి పంపమని చెప్పండి. కావాలంటే మా ఓ.పి.లో చీటీ రాసి ఇస్తాము.

ఇంటికి పంపే రోజున మీకు ఇచ్చే కాగితంలో మూడు సంగతులు చూసుకోండి. లోపల స్టెంటు ఉందా, లేదా? ఉంటే తీసే తేదీ ఏది? మళ్ళీ స్కాను ఎప్పుడు? చదవటం రానివారు సిస్టరు చేత చదివించుకోండి. ఆ తేదీని ఇంట్లో గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి, సెల్‌ఫోనులో ఉన్న కాగితం ఫోటో బిడ్డ మేనమామకో, బాబాయికో కూడా పంపండి. పనికి వేరే ఊరు వెళ్ళవలసి వస్తే కాగితం వెంట తీసుకువెళ్ళి, అక్కడ ఏ పెద్దాసుపత్రిలోనైనా మూత్రవ్యాధుల డాక్టరుకు చూపించి ఆ తేదీకే తీయించండి. మా దగ్గరే తీయించాలని ఏమీ లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. స్కాను కాగితాలు ఉన్నవారు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటి చూసి చెబుతాను.